ముగ్గురూ వెళ్లాల్సిందే, ఒకరు సంతకం పెట్టాల్సిందే

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వార్‌హామర్ 40,000 ఊహాలోకం గురించి వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పత్రిక ఒకటి ఆ లోకానికి పూర్తి పేజీ కేటాయించినందుకు ముందుగా నా సంతోషం తెలియజేస్తున్నాను. అయితే అందులో ఒక తీర్పు మాత్రం నాకు మింగుడుపడలేదు. ఆ లోకంలోని విచారణాధికారులు, అంటే ఇంక్విజిటర్లు, మూడు శాఖలుగా ఉన్నా ఒకరి పనిలో మరొకరు వేలు పెడుతుంటారనీ, ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సృష్టికర్తలే తేల్చుకోలేకపోయారనీ, గట్టిగా గీతలు గీసి ఎవరి పని వారికి అప్పగిస్తే కథలు ఇంకా బలంగా ఉండేవనీ వ్యాసకర్త గారు రాశారు. ఆయన శ్రద్ధగా చదివిన మనిషి అని వ్యాసమే చెబుతోంది. అందుకే ఈ సుదీర్ఘమైన ఉత్తరం రాస్తున్నాను. ఆయన లోపమని చూపించినదే ఆ లోకంలో అన్నిటికన్నా నిజాయితీ ఉన్న భాగమని నా నమ్మకం.

నేను విశాఖ ఓడరేవులో దిగుమతి సరుకుకు అనుమతులు తెప్పించే ఒక క్లియరింగ్ ఏజెన్సీలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. శనివారం సాయంత్రాలు కంచరపాలెంలోని మా ఇంట్లో మా అక్క కూతురు, దాని స్నేహితులు కలిసి ఇంక్విజిటర్ల అనుచరులుగా పాత్రలు వేసి ఆడే ఆట ఆడతారు. కథ నడిపేది నేను. కాబట్టి ఈ విషయం రెండు వైపుల నుంచీ నాకు దగ్గరిది.

ఈ లోకం తెలియని పాఠకుల కోసం కొద్దిగా చెప్పాలి. 1987లో గేమ్స్ వర్క్‌షాప్ అనే బ్రిటిష్ సంస్థ, బల్ల మీద చిన్న బొమ్మల సైన్యాలను నిలబెట్టి ఆడే ఆటగా దీన్ని మొదలుపెట్టింది. కథాకాలం 41వ సహస్రాబ్ది. మనుషుల సామ్రాజ్యం దాదాపు పది లక్షల గ్రహాల మీద వ్యాపించి ఉంటుంది. దాని చక్రవర్తి పది వేల ఏళ్లుగా భూమి మీద బంగారు సింహాసనంలో చావుకూ బతుకుకూ మధ్య కూర్చుని ఉంటాడు. మామూలు దొంగతనాలు, హత్యలు చూసుకోవడానికి ఏ గ్రహానికి ఆ గ్రహం రక్షకభటులు ఉంటారు. సామ్రాజ్య శాసనాన్నే ధిక్కరిస్తే అడెప్టస్ ఆర్బిటీస్ దిగుతారు. ఈ అందరినీ దాటి, చక్రవర్తికి తప్ప ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని వ్యవస్థ ఇంక్విజిషన్. దానిలో పెద్ద శాఖలు మూడు. వార్ప్ అనే అవతలి లోకం నుంచి చొరబడే పిశాచాల మీద ఆర్డో మాలియస్, గ్రహాంతర జాతుల మీద ఆర్డో జీనోస్, మనుషుల మధ్యే పుట్టే మతద్రోహుల మీద, పుట్టుకలోనే రూపం మారిన మ్యూటెంట్ల మీద, అదుపులేని మనోశక్తి ఉన్న సైకర్ల మీద ఆర్డో హెరెటికస్ నిఘా పెడతాయి. చిన్న శాఖలు ఇంకా ఉన్నాయి. సామ్రాజ్యం స్వయంగా పెంచే హంతకుల సంస్థను కనిపెట్టుకుని ఉండే సికారియస్, శవాలు లేచి నడిచే అంటువ్యాధి వెంటపడే సెపల్టురమ్ వంటివి. వాటి జోలికి ఇప్పుడు వెళ్లను.

కాగితం మీద ఈ విభజన చక్కగా ఉంది. పిశాచమైతే ఒకరు, పరజాతి అయితే ఒకరు, మనిషైతే ఒకరు. వ్యాసకర్త కోరుకున్న గీతలు ఇవే. కానీ విచారణ మొదలయ్యే రోజున ఎదుట ఉన్నది ఈ మూడింటిలో ఏది అన్నది ఎవరికి తెలుసు? అది తేల్చడమే కదా విచారణ?

ఒక గని గ్రహాన్ని తీసుకుందాం. కార్మికుల్లో ఒక కొత్త భజన బృందం పుట్టుకొస్తుంది. వాళ్లూ చక్రవర్తినే కొలుస్తారు, కాకపోతే వాళ్ల పటంలో చక్రవర్తికి నాలుగు చేతులుంటాయి. గుడి అధికారులు దీన్ని మతంలో కొత్త పోకడగా చూస్తారు. అది హెరెటికస్ పని. కొన్ని ఇళ్లలో పుట్టిన పిల్లల నుదురు ఎత్తుగా, చర్మం నీలి రంగులో ఉందని మంత్రసాని చెబుతుంది. మ్యూటెంట్లు కాబట్టి అదీ హెరెటికస్ పనే. ఆ బృందం పెద్ద ఎదుటివాడి కళ్లలోకి చూసి మాట్లాడితే కాపలావాడు తాళం తీసి ఇచ్చేస్తాడు. ఇది మనోశక్తి. సైకర్ అయితే హెరెటికస్, అతని వెనుక వార్ప్ నుంచి ఏదైనా మాట్లాడుతుంటే మాలియస్. ఇన్ని ఆనవాళ్లలో పరజాతి ఆనవాలు ఒక్కటీ లేదు. ఆకాశంలో ఓడ లేదు, దండయాత్ర లేదు. జీనోస్ శాఖవాళ్లు ఆ గ్రహం వైపు చూడాల్సిన అవసరమే కనిపించదు.

అసలు జరిగింది ఏమిటంటే, ఎన్నో ఏళ్ల కిందట ఏదో సరుకు ఓడ అడుగున దాక్కుని జీన్‌స్టీలర్ అనే ఒక పరజాతి జీవి ఆ గ్రహానికి చేరింది. అది కొందరి ఒంట్లో తన విత్తనం నాటింది. వాళ్లకు పుట్టిన పిల్లలు సగం మనుషులు. తరం తరానికి మనిషి పోలిక పెరుగుతూ, నాలుగో తరానికి దాదాపు మనుషుల్లాగే కనిపిస్తారు. గనుల్లో, కాపలా దళాల్లో, కచేరీల్లో ఉద్యోగాలు చేస్తారు. మొదటి జీవి గని అడుగున పెద్దదై కూర్చుని ఉంటుంది. కళ్లతో లొంగదీసే ఆ భజన పెద్ద దాని వంశంవాడే. కుటుంబం పెరిగేకొద్దీ వాళ్లందరి మనసులూ కలిసి నక్షత్రాల అవతలికి ఒక పిలుపుగా వెళతాయి. ఆ పిలుపు విని, జీన్‌స్టీలర్ పుట్టిన పరజాతి అయిన టైరనిడ్ల మంద వచ్చి గ్రహం మీద గడ్డిపరక కూడా మిగలకుండా తినేస్తుంది.

ఇప్పుడు గీతలు గీయండి. హెరెటికస్ ఒక్కటే వెళితే భజన బృందాన్ని పట్టుకుని, పెద్దను కాల్చేసి, కేసు ముగిసిందని వెళ్లిపోతుంది. గని అడుగున ఉన్నది అక్కడే ఉంటుంది. మాలియస్ ఒక్కటే వెళితే పిశాచం కోసం వెతికి, కనబడక తిరిగిపోతుంది. జీనోస్‌కు అసలు కబురే అందదు. ముగ్గురూ వెళితేనే, మతంలో మార్పు, పిల్లల రూపం, చూపుకున్న శక్తి, మూడూ ఒకే జీవి నుంచి వచ్చాయని తెలుస్తుంది. వ్యాసకర్త లోపమన్న కలగాపులగమే ఇక్కడ ఆ గ్రహానికి ఉన్న ఒకే ఒక్క రక్షణ.

ఇంకో రకం ఉంది. కేసు నడుస్తుండగానే చేతులు మారిపోయేది. శిక్షణ లేని సైకర్ కుర్రాడు ఒకడు దొరికాడనుకోండి. సాయంత్రానికి అతను హెరెటికస్ ఖైదీ. నల్ల ఓడల్లో భూమికి పంపాల్సినవాడు. భయంతోనో నొప్పితోనో అతని మనసు సడలితే వార్ప్ నుంచి ఒక పిశాచం అతని ఒంట్లోకి దిగుతుంది. తెల్లవారేసరికి అతను మాలియస్ కేసు. ఆ గదిలో మాలియస్ మనిషి ముందు నుంచే లేకపోతే తెల్లవారాక కేసు తీసుకోవడానికి ఎవరూ మిగలరు. ఎన్‌స్లేవర్ల సంగతి మరీ చిక్కు. వార్ప్‌లో ఉండి సైకర్ల మనసులను తలుపులుగా చేసుకుని బయటికి వచ్చే ఆ జీవులను పరజాతుల జాబితాలోనే రాసుకున్నారు. వచ్చే తోవ పిశాచాలది, పేరు పరజాతిది, తలుపు మనిషిది. ఏ గీతకు ఏ పక్కన పెడతారు?

నిజానికి ఆ లోకపు చరిత్రలోనే వ్యాసకర్తకు జవాబు ఉంది. హెరెటికస్ మిగతా రెండు శాఖలంత పాతది కాదు. 36వ సహస్రాబ్దిలో గోజ్ వాండైర్ అనేవాడు సామ్రాజ్య పాలనా యంత్రాంగానికీ, మతపీఠానికీ తానొక్కడే అధిపతి అయి నెత్తుటి పాలన సాగించాడు. పిశాచాలను చూసేవాళ్లు ఉన్నారు, పరజాతులను చూసేవాళ్లు ఉన్నారు. సొంత మనుషులు, సొంత గుడి కుళ్లిపోతుంటే చూడటం ప్రత్యేకంగా ఎవరి పనీ కాలేదు. సెబాస్టియన్ థార్ తిరుగుబాటు, వాండైర్ అంగరక్షక స్త్రీలే చివరికి అతన్ని చంపడం, ఆ తర్వాత మతపీఠం మగ సైన్యాన్ని పోషించకూడదన్న శాసనం, ఇవన్నీ జరిగాకే హెరెటికస్ శాఖ పుట్టింది. అంటే ఆ శాఖ పుట్టిందే రెండు శాఖల మధ్య మిగిలిన ఖాళీలోంచి. ఇద్దరి పని ఒకదాని మీద ఒకటి పడితే తగవులు వస్తాయి, నిజమే. ఇద్దరి మధ్య సందు మిగిలితే ఏమవుతుందో ఆ లోకం వాళ్లు ఒకసారి చూశారు.

ఆ కథలో నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించే ముడి మరొకటి ఉంది. హెరెటికస్‌కు అండగా పోరాడే సొరోరిటాస్ అనే వీర సన్యాసినులు మతపీఠానికి చెందినవారు. అదే మతపీఠాన్ని కనిపెట్టి ఉండటం హెరెటికస్ బాధ్యత. కాపలా కాసేవాడి చేతిలోని ఆయుధం, కాపలా కాయాల్సిన ఇంటిది. దీన్ని రాసినవాళ్లు తెలియక ముడివేశారని నేను అనుకోను.

మరో సంగతి వ్యాసకర్త దృష్టికి రాలేదు. శాఖ అన్నది ఇంక్విజిటర్ అధికారానికి హద్దు కాదు. అది అతని చదువు, అతని అనుభవం. ముద్ర చూపించాడంటే మాలియస్ మనిషి పరజాతి కేసును చేపట్టవచ్చు, జీనోస్ మనిషి మతద్రోహిని నిలదీయవచ్చు. ఏ శాఖలోనూ చేరని ఇంక్విజిటర్లూ ఉంటారు. దీనికి ఒక మంచి కారణం ఉంది. ఒకే ప్రమాదాన్ని ఏళ్ల తరబడి చూసినవాళ్లలో కొందరికి దాని మీద మోజు పుడుతుంది. పిశాచాన్ని పిశాచంతోనే జయించాలనే జాంథైట్లు మాలియస్ పని చేసే చోటే తయారవుతారు. పరజాతి ఆయుధాలను దాచి వాడుకునేవాళ్లు జీనోస్‌లో ఉంటారు. పైన అడిగేవాడు లేని వ్యవస్థలో ఒక ఇంక్విజిటర్‌ను ఆపగలిగింది మరో ఇంక్విజిటర్ మాత్రమే. గీతలు గట్టిపడితే ఆ ఒక్క అడ్డు కూడా పోతుంది.

ఇక నా పనికి వస్తాను, ఎందుకంటే ఈ ఆలోచన నాకు ఆటలో పుట్టలేదు, ఓడరేవులో పుట్టింది. విదేశం నుంచి ఒక యంత్రం చెక్కపెట్టెలో వచ్చిందనుకోండి. యంత్రం విలువ, సుంకం కస్టమ్స్ వాళ్లవి. యంత్రానికీ మొక్కల తెగుళ్లకూ సంబంధం ఏమిటని కొత్తగా చేరిన కుర్రాళ్లు అడుగుతారు. సంబంధం పెట్టెలో ఉంది. పచ్చి చెక్కలో పురుగు ఉంటే అది మన అడవుల్లోకి పోతుంది. అందుకే చెక్కకు వేడిచేసినట్టో మందు పొగ పట్టించినట్టో అంతర్జాతీయ ముద్ర ఉండాలి. లేకపోతే ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు ఆపుతారు. పలాస కర్మాగారాలకు వెళ్లే ఆఫ్రికా జీడిపిక్కలు వస్తే ఒకే బస్తాను కస్టమ్స్ ఒక కంటితో, క్వారంటైన్ ఇంకో కంటితో చూస్తారు. తినే వస్తువులైతే ఆహార భద్రత అధికారులు, మందులైతే ఔషధ నియంత్రణ అధికారులు, జంతువుల చర్మమో దంతమో అయితే వన్యప్రాణి నేరాల విభాగం. ఒకే కంటైనర్ తలుపు దగ్గర ముగ్గురు అధికారులు నిలబడటం నేను చూశాను. ఎవరూ తమది కాని పని చేయడం లేదు. ముగ్గురూ అడుగుతున్న ప్రశ్నలు వేరు.

పూర్వం ఈ అనుమతులన్నిటికీ విడివిడిగా అర్జీలు పెట్టుకుని ఒక్కో కార్యాలయానికి తిరిగేవాళ్లం. 2016లో కస్టమ్స్ ఏక గవాక్ష విధానం వచ్చింది. బిల్ ఆఫ్ ఎంట్రీ అనే ఒకే ప్రకటన కంప్యూటర్లో దాఖలు చేస్తే, ఆ సరుకు ఎవరెవరు చూడాల్సినదో వాళ్లందరికీ వెళుతుంది. అధికారాలు తగ్గలేదు, శాఖలు కలిసిపోలేదు. కాగితం ఒకటైంది. చివరికి అన్ని నిరభ్యంతర పత్రాలూ చేరాక ఒక కస్టమ్స్ అధికారి అవుట్ ఆఫ్ ఛార్జ్ ఇస్తారు. అది లేనిదే సరుకు గేటు దాటదు. ఆ ఉత్తర్వు ఎవరు, ఏ తేదీన, ఏ గంటకు ఇచ్చారో నమోదై ఉంటుంది. రేపు ఆ సరుకులో ఏదైనా బయటపడితే అడగడానికి ఒక మనిషి ఉంటారు.

ఇంక్విజిషన్‌లో ఈ అవుట్ ఆఫ్ ఛార్జ్ లేదు. నా దృష్టిలో ఆ వ్యవస్థ జబ్బు ఇదే. వ్యాసకర్త గారు జబ్బును వదిలేసి ఆరోగ్యంగా ఉన్న చోట కోత పెట్టమంటున్నారు. పనులు ఒకదాని మీద ఒకటి పడటం వల్ల ఆ లోకంలో గ్రహాలు నాశనం కావడం లేదు. ఒకరికి తెలిసింది మరొకరికి చెప్పకపోవడం వల్ల, ఆఖరి నిర్ణయానికి ఎవరి పేరూ లేకపోవడం వల్ల నాశనమవుతున్నాయి.

ఆర్మగెడాన్ మొదటి యుద్ధం చూడండి. పిశాచాలుగా మారిన శత్రువులు ఆ గ్రహం మీద పడ్డారు. శనిగ్రహపు ఉపగ్రహం టైటన్ నుంచి మాలియస్ శాఖ వీరులైన గ్రే నైట్స్ వచ్చి వాళ్లను తరిమారు. సామ్రాజ్యం గెలిచింది. గెలిచిన తర్వాత, పిశాచాలను కళ్లారా చూశారన్న ఒక్క కారణంతో, బతికి బయటపడ్డ ప్రజలను శిబిరాల్లో పెట్టి సంతానం కలగకుండా చేశారు. పక్కనే పోరాడిన స్పేస్ వుల్ఫ్స్ అనే వీరదళం వాళ్లు దీన్ని సహించలేక, కొందరినైనా తప్పించబోయి ఇంక్విజిషన్‌తోనే తలపడ్డారు. అవమాన మాసాలని ఆ కాలానికి పేరు. ఇక్కడ శాఖల మధ్య పని కలగలిసింది ఎక్కడ? ఒకే శాఖ, ఒకే ప్రశ్న, ఒకే జవాబు. ఈ మనుషులు నిజంగా చెడిపోయారా అని అడగాల్సిన ఇంకో కన్ను అక్కడ లేకపోయింది. వ్యాసకర్త కోరిన గీతలు అచ్చంగా ఉన్న సందర్భం ఇది.

ఫైడస్ క్రిప్ట్‌మన్ సంగతి ఇంకా బరువైనది. 41వ సహస్రాబ్ది 745లో టైరన్ అనే గ్రహం ఎలా ఖాళీ అయిందో కనిపెట్టి, టైరనిడ్ల గురించి సామ్రాజ్యాన్ని హెచ్చరించిన జీనోస్ ఇంక్విజిటర్ ఆయనే. తర్వాత లెవయథన్ అనే మంద వస్తున్నప్పుడు, దానికి తిండి దొరకకుండా చేయాలని దారిలోని గ్రహాలను మనుషులున్నవాటితో సహా ఎక్స్‌టెర్మినాటస్‌తో, అంటే గ్రహాన్ని గ్రహంగా తుడిచిపెట్టే ఆజ్ఞతో, చంపించాడు. తన శాఖ లెక్క ప్రకారం అది సరైన లెక్క. ఆ లెక్కను ఇంకెవరి ముందూ పెట్టలేదు. పూర్తయ్యాక సాటి ఇంక్విజిటర్లు ఆయన్ను ద్రోహిగా ప్రకటించి వెలివేశారు. వెలివేసినా ఆయన ఆగలేదు. మందను ఆర్క్‌లనే మరో పరజాతి సామ్రాజ్యమైన ఆక్టేరియస్ వైపు మళ్లించాడు. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అని మా ఇంట్లో రాత్రి పొద్దుపోయేదాకా వాదులాడుకున్నారు. నా బాధ వేరు. జవాబుదారీ మొదట ఉండాల్సింది ఆఖర్న వచ్చింది. గ్రహాలు పోయాక వచ్చింది.

మా ఆటలో కూడా ఈ సమస్య వచ్చింది. మా అక్క కూతురు హెరెటికస్ అధికారి అనుచరురాలిగా, స్నేహితుల్లో ఒకరు జీనోస్ తరఫున, ఇంకొకరు మాలియస్ తరఫున ఆడుతున్నారు. మొదట్లో ఎవరికి దొరికిన ఆధారం వారు దాచుకుని, నాకు మాత్రం చీటీల మీద రాసి ఇచ్చేవారు. ఆ చీటీలన్నీ నా దగ్గర పక్కపక్కన ఉండేవి కాబట్టి అసలు సంగతి నాకు తెలుస్తూ ఉండేది. వాళ్లు మాత్రం ముగ్గురూ మూడు వైపుల నుంచి అదే గని చుట్టూ తిరిగేవారు. గ్రహం పోయింది. ఆ రాత్రి మా అక్క కూతురు నన్ను అడిగింది: "పిన్నీ, మీ ఆఫీసులో అయితే ఈ చీటీలన్నీ ఒకే ఫైల్లో ఉండేవి కదా?" తర్వాతి ఆట నుంచి వాళ్లే ఒక నియమం పెట్టుకున్నారు. బల్ల మధ్యలో ఒక పుస్తకం. ఆధారం ఎవరికి దొరికినా అందులో రాయాలి. కేసు ముగిసిందనేవాళ్లు తమ పాత్ర పేరు రాసి సంతకం చేయాలి. మిగిలిన ఇద్దరి అభ్యంతరం కూడా కిందే రాయాలి. అధికారాలు ఎవరికీ తగ్గించలేదు. తగాదాలూ తగ్గలేదు. కానీ సంతకం పెట్టాల్సిన చోట పిల్లలు ఎంతసేపు ఆలోచిస్తారో చూస్తుంటే నాకు ముచ్చటేస్తుంది.

ఇది ఆట కదా, ఇంత పట్టింపు ఎందుకని మీరు అనవచ్చు. విశాఖలో ఉన్నవాళ్లకు పట్టింపు ఉంటుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చి 12 మంది ప్రాణాలు తీసింది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తి దారిలో పడిపోయారు. ఆ ట్యాంకు ఎవరి పని? యంత్రాలు, కార్మికుల భద్రత కర్మాగారాల శాఖవి. గాలి, నీరు కాలుష్య నియంత్రణ మండలివి. పర్యావరణ అనుమతి ఇంకొకరిది. ఉత్పత్తి చేస్తున్నంత పరిమాణానికి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమకు లేదని 2019లో ఒక ప్రమాణపత్రంలో ఆ సంస్థే రాసింది. మిగతా అనుమతులతో పని నడుస్తూనే ఉంది. దుర్ఘటన తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వేసిన హై పవర్ కమిటీ, సంస్థ లోపాలతో పాటు కర్మాగారాల శాఖ, కాలుష్య నియంత్రణ మండలి లోపాలను కూడా ఎత్తిచూపింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుని వేరే కమిటీ వేసింది. జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసు ఇచ్చింది. పోలీసు కేసు సరేసరి.

ఇంతమంది ఎందుకు, ఒకరు చాలరా అని అప్పట్లో చాలామంది అన్నారు. నేను అలా అనలేను. మరణాలకు బాధ్యులెవరన్నది ఒక ప్రశ్న. ట్యాంకులో వేడి ఎందుకు పెరిగిందన్నది ఒక ప్రశ్న. నేలకూ నీటికీ ఏమైందన్నది, చనిపోయినవారి కుటుంబాల హక్కులేమిటన్నది వేరు వేరు ప్రశ్నలు. ఒక్కరికే అప్పగిస్తే ఆ ఒక్కరికి అలవాటైన ప్రశ్నకే జవాబు దొరుకుతుంది. అంతమంది రావాల్సింది ఆ తర్వాత కాదు, ఆ ముందు. ట్యాంకు నిండుగా ఉన్న రోజుల్లో ఈ అనుమతి ఉందా అని ఒకరికి తెలిసింది అందరికీ కనబడే ఒకే కాగితం మీద ఉండి ఉంటే, నడపవచ్చు అని ఆఖరి సంతకం ఒకరు పెట్టాల్సి ఉంటే, ఆ కలం కాసేపైనా ఆగేదని నాకు అనిపిస్తుంది.

వ్యాసకర్త చెప్పినదానిలో ఒకటి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. శాఖలు కలగలిసినప్పుడు నష్టపోయేది సామాన్యుడు. గనికార్మికుడి భార్యను ముగ్గురు ఇంక్విజిటర్ల మనుషులు మూడుసార్లు నిలబెట్టి అవే ప్రశ్నలు అడుగుతారు. ఒకరికి ఇచ్చిన జవాబులో ఒక మాట తేడా వస్తే ఇంకొకరికి అది నేరం. ఆ లోకంలో ఆ తేడాకు ప్రాణం పోవచ్చు. ఇక్కడ ప్రాణం పోదు కానీ, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎంతమంది వస్తే అన్నిసార్లు ఆ రాత్రిని మొదటి నుంచి చెప్పాల్సి రావడం చిన్న హింస కాదు. దీనికి మందు అధికారులను తగ్గించడం కాదు. ఆమె ఒకసారి చెప్పినది అందరూ చదువుకునేలా ఉంచడం. ఓడరేవులో సరుకుకు చేయగలిగినది మనుషులకు చేయలేమా?

సైన్స్ ఫిక్షన్ రాసే తెలుగు యువతరం మీ అనుబంధాన్ని చదువుతుందని నాకు తెలుసు. వాళ్లలో ఎవరైనా సొంతంగా ఒక విచారణ వ్యవస్థను కల్పిస్తుంటే, ఆ వ్యాసం చదివి శాఖల మధ్య గోడలు కట్టేస్తారేమోనని నా భయం. గోడలు కట్టొద్దని వాళ్లను కోరుతున్నాను. ముగ్గురినీ ఒకే గదిలోకి పంపండి. తగాదా పడనివ్వండి. ఆ తగాదా ఎక్కడ నమోదవుతుందో, తలుపు మూసి వచ్చేటప్పుడు ఎవరు సంతకం చేస్తారో మాత్రం ముందే నిర్ణయించుకోండి. మీ కథ అక్కడ మొదలవుతుంది.

చివరగా, ఆ వ్యాసంలో రెండు పొరపాట్లు దొర్లాయి. వీలైతే వచ్చే ఆదివారం సవరణ వేయగలరు. మూడు శాఖలూ ఒకేసారి ఏర్పడినట్టు రాశారు. హెరెటికస్ వాండైర్ కాలం తర్వాతిదని పైన వివరించాను. రెండోది, జీనోస్ తరఫున పోరాడే డెత్‌వాచ్ దళాన్ని ఆ శాఖే పుట్టించి పెంచిన సైన్యంగా రాశారు. డెత్‌వాచ్ వీరులు స్పేస్ మెరైన్లనే మహావీరుల వేర్వేరు చాప్టర్ల నుంచి, అంటే దళాల నుంచి, కొంతకాలానికి వచ్చి చేరేవాళ్లు. కవచం నల్లగా మారినా, కుడి భుజం మీద సొంత చాప్టర్ గుర్తు అలాగే ఉంచుకుంటారు. వ్యాసంతో పాటు వేసిన బొమ్మలో రెండు భుజాల మీదా డెత్‌వాచ్ గుర్తే ఉంది. ఆ బొమ్మను కూడా సరిచేయించగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కంచరపాలెం, విశాఖపట్నం